దస్తగిరి ముడి

దస్తగిరికి వచ్చిన చిక్కు ఏమిటో చెబితే నవ్వుతారు. మాసిన బట్టల సంచికి మూతి ఎలా పెట్టాలా అని అతను పగలంతా ఆలోచిస్తున్నాడు. దేవుణ్ని వెతుక్కుంటూ వచ్చినవాడికి ఇదేం ఆలోచన అనిపించవచ్చు. ఆ రోజుల్లో అతనికి అంతకన్నా పెద్ద ప్రశ్న లేదు మరి.

అతను ఉంటున్న ఖాన్‌ఖా, అంటే సూఫీల ఆశ్రమం, పెన్న ఒడ్డున ఉండేది. సూఫీ గురువు బుర్హాన్ షా, ఆయన శిష్యులు కొందరు, పోయే చోటు లేక అక్కడే ఉండిపోయిన ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు. అంతే ఆ ఖాన్‌ఖా.

అక్కడ ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు. విడిచిన జతను ఎవరి సంచిలో వాళ్లు వేసి బుధవారం పొద్దున గుమ్మం బయట పెడితే, చాకలి ఓబన్న వాటిని గాడిద మీద వేసుకుని ఏటికి తీసుకుపోయేవాడు. గురువారం మధ్యాహ్నానికి ఉతికిన జత అదే సంచిలో తిరిగొచ్చేది. ఆ సాయంత్రం అందరూ శుభ్రమైన బట్టలు కట్టుకుని గుండ్రంగా కూర్చుని ఒకే గొంతుగా దేవుడి నామం చెప్పుకునేవారు. దాన్ని జిక్ర్ అంటారు. మాసిన బట్టలతో అక్కడ ఎవరూ కూర్చునేవారు కాదు.

బుర్హాన్ షా పెట్టిన కట్టుబాటు ఇంకొకటి ఉంది. ఒకరి సంచి ఇంకొకరు విప్పకూడదు. మనిషి ఒంటి సంగతులన్నీ అతని బట్టలకు తెలుస్తాయి. అవి అతనికీ ఓబన్నకీ మధ్యనే ఉండిపోవాలని ఆయన ఉద్దేశం.

అప్పటిదాకా సంచి మూతికి ఏదో ఒక పేలిక చుట్టి వదిలేసేవారు. ఒక బుధవారం గాడిద నీళ్ల మధ్యలో బెదిరింది. సంచులు ఊడిపోయి బట్టలన్నీ కలిసిపోయాయి. ఖైరుల్లా అనే శిష్యుడి పైజామా కొట్టుకుపోయింది. మిగిలినవి ఎవరివేవో తేల్చుకోవడానికి ముందువాకిట్లో పరిచి చూసుకోవలసి వచ్చింది. తడిసిన మరకలన్నీ ఎండలో అందరి కళ్లముందూ పడ్డాయి. జిలానీ దాదా మాత్రం తన లుంగీ తీసుకోవడానికి రాలేదు. అందరూ వెళ్లిపోయాక గోడవారగా వచ్చి, గబుక్కున చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

జిలానీ దాదా ఒకప్పుడు జట్కా తోలినవాడు. వయసు మీద పడి ఒంటికి అదుపు తప్పింది. చేతులు వణికేవి. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. జిక్ర్‌లో తొలి పిలుపు ఆయనదే. ఆ గొంతు లేచాకే మిగతా గొంతులు లేచేవి. ఆ ముసలాయనకు వారమంతటిలో సంతోషం అనేది ఏదైనా ఉంటే అదొక్కటే.

దస్తగిరి ఖాన్‌ఖాకు రాకముందు సంతలకూ ఉరుసులకూ డేరాలు కుట్టేవాడు. తాళ్లు, ముడులు అతనికి చేతిలో విద్య. అందుకే గురువు దగ్గరికి వెళ్లి, "హజ్రత్, సంచుల సంగతి నాకు వదిలేయండి. గాడిద కాదు, ఏనుగు తొక్కినా ఊడని మూతి చేస్తా" అన్నాడు.

"చెయ్యి బేటా" అన్నాడు బుర్హాన్ షా.

మొదట పైజామాకు ఎక్కించినట్టు నాడా ఎక్కించాడు. గాడిద నడకకి అది వదులైపోయింది. తర్వాత గుండీలు కుట్టాడు. ఓబన్న సంచినీ బండకేసి ఉతుకుతాడు కదా, గుండీలు పగిలి ఏట్లో కలిశాయి. ఇనుప కొక్కేలు పెట్టాడు. తెల్లబట్టల నిండా తుప్పు మరకలు.

"ఇదేం కర్మ సామీ! ఉన్న మరకలు చాలవని కొత్తవి పంపిస్తాండావా?" అని ఓబన్న సంచులు తెచ్చి గుమ్మంలో పడేసి పోయాడు.

దస్తగిరికి ఇవేవీ నిరాశ కలిగించలేదు. పైపెచ్చు పట్టుదల పెరిగింది. తింటున్నా, నడుస్తున్నా వేళ్ల మధ్య ఒక తాడుముక్క ఆడుతూనే ఉండేది. చివరికి ఒకరోజు అన్నం ముందు కూర్చుని, ఎంగిలి చేతిని గాలిలో అలాగే ఉంచి, "దొరికింది!" అని అరిచాడు.

అది మామూలు ముడి కాదు. రెండు తాళ్లు ఎదురెదురుగా మూతి చుట్టూ తిరిగి, ఒకదాని కొస ఇంకోదాని ఉచ్చులో దూరి, మడత చాటున దాక్కుంటుంది. బరువు పెరిగేకొద్దీ బిగుసుకుంటుంది. విప్పాలంటే కుడి బొటనవేలితో ఉచ్చును నొక్కిపట్టి, చూపుడువేలితో కొస లాగాలి. ఎడమచేతి బొటనవేలు మడతను పట్టుకోవాలి. ఆ కిటుకు తెలిస్తే చిటికెలో పని. తెలియకపోతే ఎంత లాగితే అంత బిగుస్తుంది.

సంచిలో రాళ్లు పోసి ఏట్లో విసిరేశాడు. దూలానికి తలకిందులుగా వేలాడదీసి కాలితో తన్నాడు. మూతి ఊడలేదు. అందరూ దాన్ని దస్తగిరి ముడి అన్నారు. ఓబన్నతో సహా అందర్నీ కూర్చోబెట్టి నేర్పించాడు. జిలానీ దాదా కూడా వెనక నిలబడి చూసి, "ఆఁ, వచ్చింది, వచ్చింది" అని తలూపాడు.

బుర్హాన్ షా ముడి వేసి చూశాడు, విప్పి చూశాడు. "బాగా మూసుకుంటుంది" అన్నాడు.

దస్తగిరి పొంగిపోయాడు. గురువు సగమే మెచ్చుకున్నాడని అతనికి తట్టనే లేదు.

ఆ గురువారం జిలానీ దాదా జిక్ర్‌కు రాలేదు. తొలి పిలుపు ఎవరు ఎత్తుకోవాలో తెలియక అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒంట్లో నలతగా ఉందేమో అనుకున్నారు. మరుసటి గురువారమూ ఆయన చోటు ఖాళీగానే ఉంది.

దస్తగిరి చూసి వద్దామని వెళ్లాడు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ముసలాయన దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"దాదా, జిక్ర్‌కు రాలేదేం?"

"ఒళ్లు బాలేదు. లోపలికి రావద్దు బేటా. పో."

తర్వాతి గురువారం మధ్యాహ్నం సంచులు దించుతూ ఓబన్న నవ్వాడు. "మీ జిలానీ తాత గుడ్డలకు మురికే అంటడంలే సామీ. పోయినవారం ఉతికిచ్చిన జతే మళ్లా వచ్చె. ఉతికిందే ఉతుకుతాండా."

దస్తగిరి కూడా నవ్వాడు. ఆ నవ్వు ముఖంతోనే గురువు దగ్గరికి పోయాడు. "జిలానీ దాదాకు శ్రద్ధ తగ్గిపోయింది హజ్రత్. బట్టలు మాసేంత పనీ లేదు, జిక్ర్‌కు వచ్చే ఓపికా లేదు" అని ఓబన్న మాట కూడా చెప్పాడు.

బుర్హాన్ షా తస్బీ పూసలు తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన లేచి జిలానీ దాదా గది దాకా వెళ్లాడు. ఓరగా ఉన్న తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాడు. లోపలికి వెళ్లలేదు, పిలవనూ లేదు. వెళ్లినట్టే తిరిగొచ్చాడు.

"చేతులు ఇలా చాపు" అన్నాడు దస్తగిరితో.

తన భుజం మీది తువ్వాలు అంచు చించి, దస్తగిరి బొటనవేళ్లు రెండింటినీ అరచేతుల్లోకి మడిచి, కదలకుండా చుట్టి కట్టాడు. చివరి ముడి ఆయన పళ్లతో బిగించాడు.

"జిక్ర్ అయ్యేదాకా విప్పకు. వెళ్లి బట్టలు మార్చుకుని రా."

దస్తగిరికి సరదా వేసింది. తన ముడికి గురువు పరీక్ష పెట్టాడనుకున్నాడు. ఆ పొద్దు గోడలకు సున్నం వేసి ఉండటంతో ఒంటి మీది బట్టలు సున్నపు మరకలతో అసహ్యంగా ఉన్నాయి. ఉతికిన జత సంచిలో ఉంది. సంచి ముందు కూర్చుని, ఎలా విప్పొచ్చా అని కుతూహలంగా చూశాడు.

వేళ్లతో ఉచ్చు నొక్కాడు. జారిపోయింది. మోచేత్తో నొక్కాడు. మోకాళ్ల మధ్య సంచి ఇరికించి లాగాడు. ఇంకా బిగిసింది. కాలివేళ్లతో కూడా చూశాడు. చివరికి తాడును నోట్లో పెట్టుకుని పళ్లతో పీకాడు. నోరంతా ఓబన్న ఉతికే చవుటిమట్టి రుచి. తన ముడి ఎంత గట్టిదో అతనికి అప్పుడే తెలిసింది.

బయట అందరూ చేరుతున్న అలికిడి వినిపించింది. ఎవరినైనా పిలుద్దామంటే, ఒకరి సంచి ఒకరు విప్పకూడదు. విప్పొచ్చన్నా, దస్తగిరి ముడి దస్తగిరికే రాలేదని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు?

చెమట పట్టింది. జిక్ర్ మొదలైంది. తొలి పిలుపు ఎవరిదో బలహీనంగా లేచి తడబడింది. దస్తగిరి సంచిని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఆలస్యంగా వెళ్తున్న ఖైరుల్లా తలుపు దగ్గర ఆగాడు. "ఏం దస్తగిరీ, రావడంలేదా?"

"ఒళ్లు బాలేదు" అన్నాడు దస్తగిరి.

ఖైరుల్లా వెళ్లిపోయాడు. దస్తగిరి మాత్రం తన నోట్లోంచి వచ్చిన ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి కళ్లముందు కనబడ్డాడు. ఓబన్న నవ్వు, దానికి తను నవ్విన నవ్వు గుర్తొచ్చాయి. సిగ్గుతో దుఃఖం ముంచుకొచ్చింది. ఎవరూ చూడటం లేదు గనక ఏడ్చాడు.

జిక్ర్ ముగిసింది. కట్లు విప్పుకోవచ్చు. కానీ విప్పుకోలేదు. సంచి చంకలో పెట్టుకుని జిలానీ దాదా గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"దాదా, లోపలికి రావచ్చా? నా సంచి ముడి నాకే రావడంలేదు."

ముసలాయన తల తిప్పాడు. అతని బట్టల మీది సున్నపు మరకలు చూశాడు. కట్టిపడేసిన బొటనవేళ్లు చూశాడు.

"ఎవరు కట్టినారు?"

"హజ్రత్ కట్టారు."

జిలానీ దాదా దుప్పటి కింద నుంచి తన చేతులు బయటకు తీసి చూపించాడు. అవి వణుకుతూనే ఉన్నాయి.

"నీకు హజ్రత్ కట్టినాడు, నాకు అల్లా కట్టినాడు. రా, కూచో" అని నవ్వాడు.

ఆయన పక్కన ఆయన సంచి ఉంది. తాడు నిండా పళ్ల గాట్లు. దస్తగిరి వాటిని చూశాడు. చూసినట్టు కనబడకుండా కూర్చున్నాడు.

"దాదా, నాకు ఇంకో మూతి చెయ్యాలనుంది. మీరు చూసిపెట్టాలి" అన్నాడు.

మర్నాటి నుంచి ఆ గదిలో కొత్త కొలువు మొదలైంది. సూది పట్టాలంటే బొటనవేలు కావాలి గనక దస్తగిరి కుట్టేటప్పుడు కట్టు విప్పేవాడు. మూతి తెరిచి చూసేటప్పుడు మళ్లీ కట్టించుకునేవాడు. జిలానీ దాదా మహా కఠినమైన ఉస్తాదు. పెద్ద ఉచ్చులో కొయ్యబిళ్ల దూర్చే మూతి తెస్తే, వణికే చేతికి ఉచ్చు అందలేదు. "ఇది నాకు కాదు, దొరబిడ్డలకు" అని విసిరేశాడు. అంచులు చుట్టి మడిచే మూతి తెస్తే, అది గాడిద దాకా కూడా పోకుండానే ఊడింది. "ఇది నీ పైజామాకు పెట్టుకో" అన్నాడు. దస్తగిరి పడీపడీ నవ్వాడు.

అలా ఒకరోజు ఇద్దరూ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు, దాదా దిండు గలీబులో చెయ్యి దూర్చి నశ్యం డబ్బీ తీశాడు. పీల్చి, డబ్బీని మళ్లీ అందులోకే తోసేశాడు.

దస్తగిరి కళ్లు అక్కడే ఉండిపోయాయి.

"దాదా, అది మళ్లీ చెయ్యండి."

"ఏది?"

"నశ్యం తీయండి."

"ఇప్పుడే కదప్పా పీల్చింది!"

"పీల్చొద్దు. ఊరికే తీయండి."

వణికే చెయ్యి గలీబు నోట్లోకి వెళ్లింది. పట్టుకోవలసింది ఏమీ లేదు, నొక్కవలసింది ఏమీ లేదు. చెయ్యి లోపలి మడతను పక్కకు తోసుకుని పోయింది, డబ్బీతో తిరిగొచ్చింది. దస్తగిరి దిండు లాక్కుని తలకిందులు చేసి దులిపాడు. దుమ్ము రాలింది గాని డబ్బీ రాలలేదు.

"ఇన్నాళ్లూ దీని మీదే తల పెట్టుకుని పడుకుంటిమి గదా!" అన్నాడు దాదా.

ఆ వారం సంచులన్నింటికీ తాళ్లు పోయాయి. మూతి దగ్గర జానెడు లోతున గుడ్డ లోపలికి మడిచి, గలీబుకు కుట్టినట్టే రెండు పక్కలా కుట్టాడు. బుధవారం గాడిద ఎప్పటిలాగే నీళ్లలో బెదిరింది. ఒక్క పేలిక కూడా బయట పడలేదు.

గురువారం మధ్యాహ్నం దస్తగిరి దాదా గదిలో కూర్చున్నాడు. సాయం చెయ్యకూడదని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. దాదా సంచి ఒళ్లోకి తీసుకుని లోపలికి చెయ్యి పెట్టాడు. లుంగీ అంచు వచ్చింది, ఆ తర్వాత లుంగీ, ఆ వెనకే కుర్తా. ముసలాయన ఆ బట్టలను ముఖానికి ఆనించుకుని వాసన చూశాడు.

"ఇంక బయటికి పో. నేను మార్చుకోవాల" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన అందరికన్నా ముందే వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. కుర్తా గుండీలు వదిలేసి ఉన్నాయి. తొలి పిలుపు ఆయన గొంతులోంచి లేచింది. ఆ వెనకే దస్తగిరి గొంతు కలిపాడు.

అందరూ లేచి వెళ్లాక బుర్హాన్ షా చాప చుడుతున్నాడు. దస్తగిరి ఇంకో కొస పట్టుకున్నాడు.

"హజ్రత్, ఆ రోజు తలుపు దగ్గర నిలబడి దాదా అవస్థ మీరు చూశారు. నాతో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా?"

"చెబితే ఏం చేసేవాడివో తెలుసు బేటా" అన్నాడు బుర్హాన్ షా. "వెళ్లి ఆయన సంచి నువ్వే విప్పి ఇచ్చి వచ్చేవాడివి."