ఉంగరం తీసేసిన కత్తి

మా మఠానికి కొత్తగా వచ్చినవాళ్లు మొట్టమొదట నొచ్చుకునేది గురువుగారి చేతి దగ్గరే. ఆయన ఎడమ చేత్తో దీవిస్తారు. కాళ్లకు దణ్ణం పెట్టుకుని తలెత్తేసరికి నెత్తిమీద ఎడమ చెయ్యి కనిపిస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది? కొందరు మొహం ముడుచుకుని వెళ్లిపోయారు. ఒక పెద్దమనిషి అయితే, కుడి చెయ్యి ఉండగా ఇదేం అపచారమని మాతో గొడవకే దిగాడు. ఆ మాట గురువుగారి చెవిన పడితే, "కుడిచేత్తో దీవించేవాళ్లు ఊరినిండా ఉన్నారుగా, అక్కడికి వెళ్లమను" అన్నారు. అంతకుమించి ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆయనకు ఇంకో అలవాటు ఉంది. ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు. నాలుగు శ్లోకాలు చదివి అర్థం విప్పుతారని చెవులు రిక్కించుకు కూర్చున్నవాడికి, ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి తన పనిలో తాను పడిపోతారు. అది తన ప్రశ్నకు జవాబో కాదో వాడే తేల్చుకోవాలి. ఈ పద్ధతి మీద నాకు చాలాసార్లు ఒళ్లు మండింది. ఒక్క భద్రయ్య విషయంలో మాత్రం మండలేదు.

భద్రయ్య మా వంటశాలకు పెద్ద. ఆ ఏడు ముసురు పట్టుకుని వదలడంలేదు. భోజనాల సావిడి మీది రేకులు తుప్పుపట్టి జల్లెడ అయిపోయాయి. తినేవాళ్లు ఒక చేత్తో అన్నం కలుపుకుంటూ, రెండో చెయ్యి విస్తరి మీద గొడుగులా పట్టుకోవలసి వచ్చేది. ఆ రేకులన్నీ తీయించి కొత్తవి వేయిస్తానని పక్క ఊరి రైసుమిల్లు యజమాని కోటిలింగంగారు ముందుకొచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. ఒక్కటే కోరాడు. వచ్చే సోమవారం తన కాబోయే వియ్యాలవారిని మఠంలో భోజనానికి తీసుకొస్తాడట. ఆ ఒక్క పూటకు, చెప్పులు కుట్టే సాయమ్మనూ ఆమె పేటవాళ్లనూ రెండో బంతిలో కూర్చోబెట్టాలట.

"అన్నం అదే, కూర అదే, వడ్డించే చెయ్యి అదే. బంతి ఒక్కటే వేరు. దానికేం పోయింది భద్రయ్యా?" అన్నాడట.

మా మఠంలో రెండో బంతి అన్న మాటే లేదు. వచ్చినవాళ్లు వచ్చిన వరుసలో కూర్చోవాలి. చోటు చాలకపోతే వరుస గోడ వెంబడి సాగి, వాకిట్లోకి దిగి, గొడ్ల సావిడి దాకా పోతుందే గానీ రెండుగా విరగదు. సాయమ్మ తన ముసలి తండ్రిని చెయ్యి పట్టి నడిపించుకుంటూ అందరికంటే ముందే వచ్చేస్తుంది. అందుకని ప్రతి సోమవారం ఆ తండ్రీకూతుళ్లకు గురువుగారి పక్క చోటే దొరుకుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో వాళ్లను లోపలికి రమ్మని విస్తరి వేసే గడప ఇంకొకటి లేదు. ఆ సంగతి భద్రయ్యకూ తెలుసు, కోటిలింగంగారికీ తెలుసు.

భద్రయ్య రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు పొద్దున గురువుగారూ నేనూ పీటల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పి, చివరికి, "గురువుగారూ, మనిషికి వినయం ఉండాలంటారు. మరి ఎంతవరకు వంగాలండీ?" అని అడిగాడు.

గురువుగారు చిక్కుడుకాయ మీదనుంచి చూపు తిప్పలేదు. "తేనెకత్తి ఎప్పుడైనా చూశావా భద్రయ్యా?" అన్నారు.

"లేదండి."

గురువుగారు ఎడమ చెయ్యి చాపి, చూపుడు వేలిని కొక్కెంలా వంచి చూపించారు. "ఇట్లా ఉంటుంది. మొత్తం వంకరే. పిడి చివర ఒక ఇనుప ఉంగరం. చిటికెన వేలు అందులో దూరుతుంది." తర్వాత ఈనెలు తీసుకుంటూనే సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెప్పిన దాన్ని నాకు గుర్తున్నంతవరకు చెబుతాను.

నిలువు కొండచరియలకు పెద్ద పెద్ద తేనెపట్లు పడతాయి. పైన ఒకడు తాడు పట్టుకుని నిలబడితే, ఇంకొకడు ఆ తాడుకు వేలాడుతూ దిగి పట్టు కోస్తాడు. గాలికి తాడు ఊగుతుంది. ఊగినప్పుడు రెండు చేతులతో తాడు పట్టుకోకపోతే మనిషి బండకు కొట్టుకుంటాడు. అప్పుడు గుప్పిలి విప్పాలి. విప్పినా కత్తి పడిపోదు, చిటికెన వేలికి వేలాడుతూ ఉంటుంది. ఊపు తగ్గాక మణికట్టు ఒక్కసారి విదిలిస్తే మళ్లీ చేతిలోకి వస్తుంది. ఉంగరం ఉన్నది అందుకు.

ఆ కొండవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. తాడు పట్టేవాడు దిగేవాడికి బావమరిది కావాలి. అన్నదమ్ములకు కూడా ఇవ్వరు ఆ తాడు. బావ పడిపోతే తన తోబుట్టువే కదా బొట్టు చెరుపుకునేది, అందుకని. పెళ్లిలో పిల్ల వరుడి చిటికెన వేలు పట్టుకుని నడుస్తుంది చూడు, ఆ నడక అవగానే పిల్ల తమ్ముడో అన్నో ఒక గడ్డిపరక తెచ్చి అదే వేలికి చుట్టి కొలత తీసుకుంటాడు. దాన్ని కొండకింది కమ్మరి గంగాచారికి ఇస్తాడు. ఆచారి ముందు ఉంగరం చేస్తాడు. ఆ ఉంగరం నుంచి ఇనుమును సాగదీసి పిడి చేస్తాడు, పిడి నుంచి కత్తిని వంచుతాడు. బావకు కత్తి ఇచ్చిన రోజునుంచి తాడు బావమరిది చేతిలోకి వస్తుంది. బయన్న అనేవాడికి అతని భార్య తమ్ముడు మల్లు అలాగే కత్తి చేయించి ఇచ్చాడు.

ఒకనాడు బయన్న కోట వీధిలో తేనె అమ్ముకుంటుంటే, ఆ కొండలను ఏలే దొరగారి బంట్రోతు ఒకడు వచ్చి ఊరికే కుండ ఎత్తుకోబోయాడు. బయన్న అడ్డుపడ్డాడు. బంట్రోతు కత్తి ఇచ్చెయ్యమన్నాడు. బయన్న 'ఇదిగో తీసుకో' అన్నట్టు గుప్పిలి విప్పాడు. బంట్రోతు పిడి పట్టుకుని గుంజాడు. కత్తి రాలేదు. ఇంకా గట్టిగా గుంజి, చెయ్యి జారి, బురదలో వెల్లకిలా పడ్డాడు. వీధి వీధంతా పడీ పడీ నవ్వింది.

ఆ నవ్వు దొర చెవిదాకా వెళ్లింది. మర్నాడే హుకుం వచ్చింది: కొండవాళ్ల కత్తులకు ఉంగరాలు ఉండకూడదు. గంగాచారిని కొయ్యమంటే, "చేసిన చేత్తో కొయ్యను" అని కొలిమి ఆర్పేసి కూర్చున్నాడు. కోటలోంచి వేరే కమ్మరిని తెచ్చి కోయించారు. ఉంగరాలన్నీ ఒక గంపలో పోసుకుని పోతూ దొర, "కత్తులు మీవే, మీ దగ్గరే ఉంచుకోండి. ఉంగరం ఒక్కటే పోయింది. తేనెపట్టు కోసేది కత్తా, ఉంగరమా?" అన్నాడు. కొండపెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిజమే కదా అనిపించింది వాళ్లకు. వంగి దణ్ణం పెట్టి వచ్చేశారు.

ఇక్కడ గురువుగారు ఆగి, పురుగు పట్టిన కాయ ఒకటి ఏరి పక్కన పడేశారు. భద్రయ్య తల వంచుకుని నిలబడే ఉన్నాడు.

కోటలో దేవుడి ఉత్సవం వచ్చింది. అభిషేకానికి కొండతేనే కావాలి. అది దొర తాతలనాటి మొక్కు. దొర స్వయంగా చరియ అంచుకు వచ్చి గొడుగు కింద కూర్చున్నాడు. బయన్న ఉంగరం లేని కత్తి పట్టుకుని దిగాడు. పట్టు దగ్గరికి చేరేసరికి గాలి తిరిగింది. ఈగలను తరమడానికి కింద పెట్టిన పొగ పక్కకు పోయింది. ఈగలు ముసిరాయి, తాడు ఊగింది. కత్తి విడవాలా, తాడు పట్టాలా? ఆ మనిషి అంతకుముందు ఎన్నడూ అలా ఆలోచించవలసి రాలేదు. ఆలోచించిన ఆ క్షణంలోనే ఒంటిచేత్తో బారెడు కిందికి జారిపోయాడు. అరచేతి చర్మం తాడుకే ఉండిపోయింది. కత్తి లోయలో పడింది. పైనుంచి మల్లు కాళ్లు బండకు తన్నిపెట్టి ఎలాగో పైకి లాగాడు.

దొర లోయలోకి తొంగిచూసి, "కత్తి పోయిందే! ఇంకోటి ఇవ్వండిరా" అన్నాడు.

మల్లు బావ చెయ్యి చూశాడు. తాడు చుట్ట చుట్టి భుజానికి తగిలించుకున్నాడు. "ఉంగరం లేని చేతికి నేను తాడు పట్టను" అన్నాడు.

"మల్లూ, ఊరుకోరా," అన్నాడు బయన్న. "పిల్లలుండారు. నేను దిగుతాలే."

"నువ్వు దిగుతావు బావా. నేను పట్టను."

దొరకు నవ్వొచ్చింది. "తాడు పట్టడానికి నువ్వే కావాలా? నా బంట్రోతులు ఏనుగుల్లా ఉన్నారు. ఏయ్, పట్టండిరా" అన్నాడు. నలుగురు ముందుకొచ్చి మల్లు భుజం మీది తాడు లాక్కున్నారు. బయన్న ఆ నలుగురి మొహాలూ వరసగా చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, చేతిలో పెట్టిన కొత్త కత్తిని తీసి నేలమీద పెట్టాడు.

"దొరా," అన్నాడు, "ఈళ్లల్లో ఎవుడు నాకు అక్కనిచ్చినాడు?"

కొండ కొండంతా గొల్లున నవ్వింది. ఆ నలుగురిలో ఒకడు నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నవ్వులపాలైన దొర ఊరుకుంటాడా? మల్లును కుడిచేతికి తాడు కట్టి చెట్టుకొమ్మకు వేలాడదీయించాడు. కాలి బొటనవేలు నేలకు అందీ అందనట్టు. బంట్రోతు వచ్చి "తాడు పడతావా?" అని అడగడం, "ఉంగరం పెట్టు, పడతా" అని వీడు అనడం. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి కొండమీది బావమరుదులంతా ఒక్కొక్కరే వచ్చారు. ఎవడి తాడు వాడు చుట్టగా చుట్టి తెచ్చి మల్లు కాళ్లకింద పెట్టి వెళ్లారు. దించవద్దని దొర చెప్పాడు గానీ, కాళ్లకింద తాళ్లు పెట్టవద్దని చెప్పలేదు మరి. కాసేపటికి మల్లు పాదాలు ఆ తాళ్లకుప్ప మీద ఆనాయి. కొండమీద పట్టడానికి ఇంకొక్క తాడు మిగల్లేదు.

పొద్దువాలేసరికి దొర మెత్తబడ్డాడు. "సరే పో, బయన్న ఒక్కడికి ఉంగరం పెట్టించండి. మిగతావాళ్లకు లేదు" అన్నాడు. పొద్దున పిల్లల పేరు చెప్పి దిగుతానన్న ఆ బయన్నే, చర్మం ఊడిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని బావమరిది కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. లేవనుకూడా లేవలేదు. "నా ఒక్కడికొద్దు దొరా. కొండమీద చిటికెనేలున్న పెతివోడికీ కావాల" అన్నాడు.

ఆ ఏడు దేవుడికి అంగడి తేనెతో అభిషేకం అయింది. అందులో సగం బెల్లం పాకమని పూజారికి తెలుసు, దొరకూ తెలుసు. హుకుం రద్దు చేశామని ఎవరూ చాటింపు వేయించలేదు. ఉత్సవం అయ్యాక గంగాచారి పట్టపగలు, అందరూ చూస్తుండగా కొలిమి రాజేశాడు. బంట్రోతులు వచ్చి నిలబడ్డారు. ఆచారి వాళ్లవైపు చూడకుండా మొదటి ఉంగరం వంచాడు. వాళ్లు కాసేపు చలి కాచుకుని వెళ్లిపోయారు.

సంగతి అయిపోయింది. చిక్కుడుకాయలు కూడా అయిపోవచ్చాయి. భద్రయ్య గొంతు సవరించుకుని, "ఆ మల్లు ఏమయ్యాడండీ?" అని అడిగాడు.

"భుజం కీలు తప్పింది. సరిగ్గా అతకలేదు. తాడు పట్టడానికి పనికిరాకుండా పోయాడు. కొండ దిగి ఎటో వెళ్లాడు" అన్నారు గురువుగారు. అని, ఒళ్లోని ఈనెలు ఎడమ చేత్తో పోగుచేసి, ఎడమ చేత్తోనే గంపలో వేసి, ఎడమ చెయ్యి నేలకు ఆనించి లేచారు. కుడిచెయ్యి ఎప్పటిలాగే పక్కన వేలాడుతూ ఉంది. ఇన్నేళ్లుగా రోజూ చూస్తున్న చెయ్యే అది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇదని చెప్పలేను, సిగ్గూ గర్వమూ రెండూ కలిసి వచ్చాయి. భద్రయ్య నావైపు చూశాడు.

సోమవారం కోటిలింగంగారు వియ్యాలవారితో రెండు కార్లలో దిగాడు. వాన జోరుగా ఉంది. అప్పటికే వరుస సగం నిండింది. గురువుగారు, ఆయన పక్కన సాయమ్మ తండ్రి, ఆ పక్కన సాయమ్మ. భద్రయ్య గుమ్మంలో వాళ్లకు ఎదురెళ్లి, నడుం సగానికి వంచి దణ్ణం పెట్టాడు. అంత వంగి దణ్ణం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"రండి బాబూ, దయచేయండి. ఆ సాయమ్మ పేటవాళ్ల తర్వాత చోటుంది. అందరికీ సరిపోతుంది."

కోటిలింగంగారి మొహం ఎర్రబడింది. దగ్గరికి జరిగి, "నీకు చెప్పానుగా భద్రయ్యా. రేకుల సంగతి మర్చిపోయావా?" అని గొణిగాడు.

భద్రయ్య ఇంకా వంగాడు. "చెప్పారండి. మర్చిపోలేదండి. చోటు మాత్రం అక్కడే ఉందండి."

సాయమ్మకు విషయం అర్థమైపోయింది. ఇలాంటివి అర్థం చేసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టదు. తండ్రి చెయ్యి పట్టుకుని లేవబోతూ, "మేం తర్వాత తింటాంలే అయ్యా, మాకేం తొందర" అంది.

"కూర్చో అమ్మా," అన్నాడు భద్రయ్య. గుమ్మంలోంచి సావిడి ఆ చివరిదాకా వినపడేలా అన్నాడు. "నువ్వు లేస్తే ఇవాళ ఇక్కడ వంట చేసినవాడు తినడు."

సాయమ్మ కూర్చుంది. కార్లు రెండూ బురద చిమ్ముకుంటూ వెళ్లిపోయాయి. రేకులూ వాటితోనే వెళ్లిపోయాయని వేరే చెప్పనక్కర్లేదు. వాన ఇంకా పెరిగింది. చిల్లుల్లోంచి ధారలు దిగుతుంటే, వరుసలో ఉన్నవాళ్లంతా విస్తళ్లు అటూ ఇటూ జరుపుకుంటూ ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు. భద్రయ్య పప్పు గిన్నె చంకన పెట్టుకుని వడ్డించడం మొదలుపెట్టాడు. గురువుగారికి వడ్డించి, పక్కనున్న సాయమ్మ తండ్రి విస్తరి మీదికి గరిటె చాపి ఆగాడు.

"రేకులు పోయాయి గురువుగారూ" అన్నాడు.

గురువుగారు పైకి ఒకసారి చూశారు. నుదుటిమీద పడిన చినుకు తుడుచుకున్నారు. తర్వాత గరిటె వైపు చూసి అన్నారు:

"ఇంకాస్త వంగు భద్రయ్యా. పెద్దాయన విస్తరిలో పప్పు పడలేదు."