వాగు వైపు రెండో దారి

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, అడవికోళ్లు, ముళ్లపందులు ఉండేవి. నేల కింద మాత్రం ఎలుకలదీ పందికొక్కులదీ రాజ్యం. అక్కడ అన్నిటికన్నా పాత బొరియ భూషయ్య అనే పందికొక్కుది. అది వాళ్ల ముత్తాత తవ్విన బొరియ. ఆ సంగతి భూషయ్య అడిగినా చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు.

ఆ బొరియలోనే ఒక మూల సీతాలు అనే చిట్టెలుక కాపురం ఉండేది. దాని పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు.

ఎండాకాలం వచ్చింది. పైన గడ్డి నిలువునా ఎండిపోయింది. బొరియకు ఉన్నది ఒక్కటే దారి, అదీ ఆ గడ్డిలోకే. సీతాలుకు భయం పట్టుకుంది.

"మామా, అగ్గి వస్తే పిల్లల్ని ఎటు తీసుకుపోను? వాగు వైపు ఇంకో దారి తవ్వుదాం" అంది.

"ఇన్నాళ్లూ లేని దారి ఇప్పుడెందుకు? కన్నం పెడితే వాన వస్తుంది, పాము వస్తుంది" అన్నాడు భూషయ్య.

పాము మాట నిజమే. సీతాలు రోజంతా ఆలోచించింది.

"పైదాకా తవ్వను మామా. చివర పలచగా మట్టి వదిలేస్తాను. బయట నుంచి పాముకు కనబడదు. లోపల నుంచి తలతో పొడిస్తే తెరుచుకుంటుంది. నువ్వు కూడా పట్టేలా తవ్వనా?"

"నేను పారిపోయే రకం కాదమ్మా! నీ మట్టుకు నువ్వు తవ్వుకో."

సీతాలు తన మట్టుకు తవ్వుకుంది.

ఒక మధ్యాహ్నం గడ్డి అంటుకుంది. పొగ బొరియలోకి దూరింది. సీతాలు తలతో ఒక్క పోటు పొడిచింది. మట్టి రాలి వెలుతురు పడింది. పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తడి ఇసుక మీదికి చేర్చింది.

ఆఖరి పిల్ల వెనకే, పారిపోయే రకం కాని మన భూషయ్య పరుగెత్తుకొచ్చాడు. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, పొట్ట మాత్రం రాలేదు.

"సీతాలూ! చచ్చానే తల్లీ!"

"అరవకు! పొట్ట లోపలికి లాక్కో మామా!" అంటూ సీతాలు బయట నుంచి గబగబా మట్టి తోడింది. భూషయ్య గిలగిల్లాడి, గిలగిల్లాడి, ఎట్టకేలకు ఊడి ఇసుకలో పడ్డాడు. పక్కల మీద బొచ్చంతా కన్నానికే అంటుకుపోయింది. గడ్డి వైపు దారి మొదట్లో దాచుకున్న దుంపలు మాడిపోయాయి.

మంట ఇసుక దాకా వచ్చి ఆగిపోయింది.

"పిల్లలు?" అన్నాడు భూషయ్య దగ్గుతూ.

"అందరూ ఉన్నారు మామా."

"అమ్మయ్య!" అని అక్కడే వెల్లకిలా పడుకున్నాడు. సీతాలుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాటికి నేల చల్లారింది. బొరియ చెక్కుచెదరలేదు. భూషయ్య లోపలికి వెళ్లి, దుంపల మొహమైనా చూడకుండా రెండో దారిని వెడల్పు చెయ్యడం మొదలుపెట్టాడు.

"చాల్లే మామా, ఇప్పుడు నువ్వు పడతావు" అంది సీతాలు.

"ఇంకాస్త ఉండనీ తల్లీ. వానాకాలానికి లావెక్కుతాను" అన్నాడు భూషయ్య.

నీతి: ఇల్లు ఎంత పాతదైనా, అందులో ఉన్నవాళ్లందరూ ఆపదలో బయటపడే దారిని ముందే ఏర్పాటు చేసుకోవాలి.