పేరులేని ముంతలు

కనకగిరి రాజ్యంలో రసవిద్య నేర్పే బడికి మార్తాండశాస్త్రి పెద్ద గురువు. ద్రావకాల జాడీల మీద పేర్లు రాయనిచ్చేవాడు కాదు. "విద్య వచ్చినవాడికి చూస్తేనే తెలుస్తుంది" అనేవాడు. ఒకరోజు సూరన్న అనే శిష్యుడు నీళ్ళే కదా అని ఒక జాడీ వంచాడు. ద్రావకం చింది కన్ను పోయింది. తప్పంతా పిల్లవాడిదేనన్నాడు శాస్త్రి.

సూరన్న నాయనమ్మ పోలమ్మ మజ్జిగ అమ్ముకునేది. ఆమె రాజుగారి నిండు సభలో శాస్త్రి ముందు రెండు ముంతలు పెట్టింది.

"ఒకదాంట్లో మజ్జిగ, ఒకదాంట్లో గోడకి కొట్టే సున్నం. ఎండన పడి వచ్చారు, దాహం తీర్చుకోండి బాబయ్యా."

శాస్త్రి రెండింట్లోకీ తొంగి చూశాడు. చెయ్యి మాత్రం ముందుకు రాలేదు.

"ఏది ఏదో చెప్పి చావవే!" అని అరిచాడు.

పోలమ్మ రెండు ముంతలూ ఎత్తి గటగటా తాగేసింది.

"రెండూ మజ్జిగే బాబయ్యా. పేరు తెలియని ముంతని మీరే ముట్టుకోలేదు. పేరులేని జాడీని మావాడి చేతికెట్లా ఇచ్చారు?"

సాయంత్రానికల్లా ప్రతి జాడీకీ పేరు పడింది. రాజుగారు ఆమె తెలివికి మెచ్చి మెడలో హారం తీసి ఇవ్వబోయారు. పోలమ్మ చెయ్యి చాచలేదు.

"వాడి కన్ను ఉండగా రాని తెలివి, ప్రభూ. దీనికి బహుమానమెందుకు?"