మాణిక్యం తెప్ప, చింతాలు తీగ

ఒక పెద్ద ఏరు సముద్రంలో కలిసే చోట నల్లమడ అనే అడవి ఉంది. అక్కడి చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. పోటు వస్తే మునుగుతాయి, ఆటు వస్తే తేలుతాయి. ఆ అడవిలో అడవి పందులు, కోతులు, ఉడుములు, పీతలు, నీటికుక్కలు, ఒక పెద్ద మొసలి కలిసి బతికేవి.

నల్లమడలో రెండు లంకలు. సముద్రం వైపున్నది ఉప్పులంక. లోపలి వైపున్నది పొన్నలంక. మధ్యలో వెడల్పయిన పాయ. జంతువుల పిల్లలు, గూళ్లు, తిండి అన్నీ పొన్నలంకలోనే ఉండేవి. కానీ ఆ లంక పల్లం. సముద్రం పొంగితే మొదట మునిగేది అదే. సముద్రం కనిపించేది మాత్రం ఉప్పులంక నుంచే.

అందుకని నీటికుక్కలు ఎప్పుడో అడవి తీగలు పేని, పాయ అడుగున ఒక పొడవాటి తీగ పరిచాయి. దాని కొసలను రెండు లంకల్లోని చెట్లకు కట్టాయి. పొన్నలంక కొసకు ఖాళీ నత్తగుల్లల గుత్తి వేలాడదీశాయి. ఉప్పులంకలో పైడయ్య అనే ముసలి కోతి చెట్టు మీద కూర్చుని సముద్రాన్ని చూస్తూ ఉండేవాడు. నీళ్లు పొంగేలా ఉంటే తీగ లాగేవాడు. ఇవతల గుల్లలు గలగలమనేవి. అందరూ పిల్లలను తీసుకుని మెరక ఎక్కేవారు. గాలివానలో పక్షులు కూడా ఎగరలేవు. అప్పుడు ఆ తీగే దిక్కు.

తీగ బాగోగులు చూసేది చింతాలు అనే నీటికుక్క. రోజూ నీళ్లలో మునిగి, తీగ పొడవునా ఈది, అరిగిన చోట కొత్త నార చుట్టి వచ్చేది. అంతా నీళ్ల అడుగున జరిగే పని. ఎవరికీ కనిపించేది కాదు. ఎవరూ దాని ఊసే ఎత్తేవారు కాదు.

అందరికీ కనిపించేది మొసలి మాణిక్యం. దుంగలు కట్టి చేసిన పెద్ద తెప్ప ఒకటి ఆమెకు ఉండేది. దాని తాడు నోట కరిచి లాగుతూ, ఏటి పైనుంచి చిలగడదుంపలు, మేడిపళ్లు, పచ్చగడ్డి తెచ్చేది. ఉప్పునేలలో అవేవీ పండవు. తెప్ప కనపడగానే పిల్లలు గట్టు మీదికి పరిగెత్తేవారు.

"నా తెప్ప రాకపోతే మీ పొట్టలు నిండవు" అనేది మాణిక్యం. అది నిజమే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

తెప్పను ఆపడానికి లంగరుగా ఒక బరువైన రాయి ఉండేది. బయలుదేరే ముందు ఆ రాయిని పూర్తిగా పైకి లాగి దుంగల మీద పెట్టాలి. చాలాసేపు పట్టే పని అది. ఒకరోజు మాణిక్యానికి తొందర ఎక్కువైంది. ఆటు మొదలైతే తెప్ప బురదలో దిగబడుతుంది. రాయిని సగం లాగి అలాగే వదిలేసింది. పాయ దాటుతుంటే తాడు ఒక్కసారి గట్టిగా గుంజింది. వెనక ఏదో తెగినట్టయింది. మాణిక్యం ఒక్క క్షణం ఆగింది. తిరిగి చూస్తే ఆలస్యమవుతుందనుకుని ముందుకే లాగింది.

మర్నాడు చింతాలు మునిగి చూస్తే తీగ రెండు ముక్కలై ఉంది. చుట్టూ బురదలో పొడవాటి చారిక. చారిక తెప్ప వెళ్లిన దారినే ఉంది. ఆ కబురు పైకి తెచ్చేసరికి పొన్నలంక అంతా గట్టు మీద చేరింది.

"ఇంకెవరి పని? ఆ తెప్పదే" అన్నాడు అడవి పంది గవర్రాజు. "మాణిక్యాన్ని అడవి నుంచి పంపెయ్యాలి."

మాణిక్యం తోక నీళ్ల మీద కొట్టింది. "పాయలో దుంగలు కొట్టుకురావా? వాటిలో ఏదో తగిలి ఉంటుంది. నేను తెంపడం మీలో ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. చారిక ఉందిగా అని గవర్రాజు పట్టుబట్టాడు. కానీ మధ్యాహ్నం పోటుకి చారిక కూడా చెరిగిపోయింది.

"అనుమానం మీద ఎవరినీ వెళ్లగొట్టకూడదు బాబాయ్" అంది చింతాలు. "ముందు తీగ అతకాలి." తర్వాత మొసలి వైపు తిరిగింది. "మాణిక్యం అక్కా, అతకడానికి తగిన తీగలు ఏటి పైన ఉన్నాయి. రేపు నీ తెప్ప మీద కొన్ని తెచ్చిపెడతావా?"

మాణిక్యం ముఖం తిప్పుకుంది. "తెంపిన వాళ్లను అడుగు. నేనెందుకు తేవాలి? తెస్తే తప్పు నాదేనంటారు."

చింతాలు మరి బతిమాలలేదు. తానే ఈదుకుంటూ పైకి వెళ్లి, రోజుకొక తీగ నోట కరుచుకుని తేవడం మొదలుపెట్టింది. అవి ఎన్ని తెచ్చినా చాలేలా లేవు. మిగిలిన పొద్దంతా ఉప్పులంకలో పైడయ్య పక్కన కూర్చునేది.

"ఇక్కడెందుకమ్మా, వెళ్లి కాస్త పడుకో" అన్నాడు పైడయ్య.

"సముద్రం పొంగితే కబురు ఎవరు చెప్తారు తాతా? నువ్వు ఈదలేవు. తీగ లేనన్నాళ్లు నేనే వెళ్లాలి."

అయిదో రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. సముద్రం గోడలా లేచి రావడం పైడయ్య చూశాడు. అలవాటు కొద్దీ చెయ్యి తీగ వైపు వెళ్లింది. అది వట్టి కొస. "చింతాలూ, వెళ్లు" అన్నాడు.

చింతాలు నీళ్లలో దూకింది. పాయలో అలలు ఆమెను రెండుసార్లు వెనక్కి నెట్టాయి. మూడోసారి ఒక దుంగ వీపుకు తగిలింది. అయినా ఈదింది. పొన్నలంక గట్టెక్కేసరికి నిలబడే ఓపిక లేదు. "పైకి వెళ్లండి. పిల్లల్ని తీసుకుని పైకి వెళ్లండి" అని మాత్రం అనగలిగింది.

తల్లులు పిల్లలను తీసుకుని మెరక వైపు పరిగెత్తారు. చింతాలు మాత్రం ఇసుకదిబ్బ వైపు చూసింది. అక్కడ మాణిక్యం గుడ్లు ఉన్నాయి. మాణిక్యం ఏటి పైకి సరుకు కోసం వెళ్లింది. ఎప్పుడూ అలాగే వెళ్లేది. సముద్రం పొంగితే గుల్లలు మోగుతాయి, ఎవరో ఒకరు కేకేస్తారు, వచ్చేయొచ్చని ఆమె ధీమా. తీగ తెగాక కూడా ఆ అలవాటు పోలేదు.

"బాబాయ్, ఆ గుడ్లు" అంది చింతాలు.

"ఆమె గుడ్లు ఆమె చూసుకుంటుంది" అన్నాడు గవర్రాజు.

"ఆమె లేదు కదా. లోపలున్న పిల్లలు ఎవరికేం చేశారు?"

గవర్రాజు ఒక క్షణం తలవంచుకున్నాడు. తర్వాత మెరక మీదికి వెళ్లి ముట్టెతో గొయ్యి తవ్వసాగాడు. కోతులు, ఉడుములు వరుసగా నిలబడి గుడ్లు అందించుకున్నాయి. "తిరగెయ్యకండి" అని చింతాలు ప్రతి ఒక్కరికీ చెప్పింది. "ఎలా ఉన్న గుడ్డు అలాగే పెట్టాలి. తిరగబడితే లోపలి పిల్ల బతకదు." నీళ్లు దిబ్బను కమ్ముకునేలోగా చాలావాటిని పైకి చేర్చారు. అడుగునున్న నాలుగు గుడ్లను మాత్రం అల లాక్కుపోయింది.

సాయంత్రానికి నీళ్లు తీశాయి. మాణిక్యం తెప్ప వదిలేసి ఆయాసపడుతూ వచ్చింది. ఇసుకదిబ్బ ఉన్నచోట చదునైన బురద ఉంది. ఆమె ఆ బురదలో ముక్కు పెట్టి వెతికింది. ఒక్క పెంకు కూడా దొరకలేదు. గట్టు మీద అందరూ చూస్తున్నారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగే ముఖం లేదనుకుంది.

గవర్రాజే దిగి వచ్చాడు. "మాణిక్యం, ఇటు రా" అన్నాడు.

మెరక మీద ఆకులు కప్పిన గొయ్యి చూపించాడు. మాణిక్యం ఆకులు తొలగించింది. గుడ్లు తాను పెట్టినట్టే, పెట్టిన వైపే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది.

"నాలుగు పోయాయి. అంతకంటే చేతకాలేదు" అన్నాడు గవర్రాజు. "నన్ను మెచ్చుకోకు. నేను వద్దన్నాను. చింతాలే వినలేదు."

చింతాలు చెట్టు మొదట్లో వాలి పడుకుని ఉంది. వీపు మీద దెబ్బకు పైడయ్య మనవరాలు ఆకు పసరు రాస్తోంది. మాణిక్యం మెల్లగా అక్కడికి వెళ్లి తల నేలకు ఆనించింది.

"తీగ నేనే తెంపాను" అంది. "ఆ రోజు లంగరు రాయి పూర్తిగా ఎత్తలేదు. ఏదో తెగడం నాకు తెలిసింది. తిరిగి చూడలేదు. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. నువ్వు తీగలు తెమ్మన్నప్పుడైనా తెచ్చి ఉంటే ఈపాటికి అతికేది. నా నాలుగు పిల్లలూ బతికేవి."

ఏం శిక్ష వేయాలని ఒక ఉడుము అడిగింది. అప్పటికి ఒక దుంగ మీద కూర్చుని పాయ దాటి వచ్చిన పైడయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆమెకు పడిన శిక్ష కంటే పెద్దది మన దగ్గర లేదు" అన్నాడు.

చింతాలు మెల్లగా లేచి కూర్చుంది. "తెల్లారగానే తీగలకు వెళ్దాం అక్కా. నాకు ఒంట్లో బాగోలేదు. నీ తెప్ప మీద కూర్చుని వస్తాను."

మర్నాడు మాణిక్యం తెప్ప నిండా తీగలు తెచ్చింది. కోతులు పేనాయి. పీతలు కొసలు కత్తిరించాయి. మాణిక్యం కొత్త తీగను పాయకు అడ్డంగా లాగి అడుగున పరిచింది. పైడయ్య అవతలి నుంచి లాగాడు. గుల్లలు గలగలమన్నాయి. అంతకుముందు ఆ చప్పుడును కాకి అరుపులా విని వదిలేసేవారు. ఆ రోజు పనులాపి నిలబడి విన్నారు. గవర్రాజు చింతాలు దగ్గరికి వచ్చి, "ఇన్నాళ్లూ నీకొక మంచిమాట చెప్పలేదమ్మా" అన్నాడు.

అప్పటినుంచి తీగను చూసే పనికి వంతులు వేసుకున్నారు. రెండు లంకలూ కలిసి చింతాలును తమ పెద్దగా ఎంచుకున్నాయి. తెప్ప వచ్చిన ప్రతిసారీ మొదటి పండు ఆమెకే వెళ్లేది.

కొన్నాళ్లకు మెరక మీది గుడ్లలోంచి కీచుకీచుమని పిలుపులు వినపడ్డాయి. మాణిక్యం మట్టి తవ్వి, పిల్లలను ఒక్కొక్కటిగా నోట పెట్టుకుని నీళ్ల దగ్గరికి తెచ్చింది. కానీ నీళ్లలో వదల్లేదు. గట్టు మీద కూర్చున్న చింతాలు ముందు వరుసగా దింపింది.

"ముందు ఈ పిన్నిని బాగా చూడండి" అంది పిల్లలతో. "ఆ తర్వాతే ఈత."

నీతి: తప్పును దాచిన కొద్దీ నష్టం పెరుగుతుంది, ఒప్పుకుంటే దిద్దుకునే దారి దొరుకుతుంది. కంటికి కనపడకుండా మనల్ని కాపాడేవారికి ఎప్పుడూ కృతజ్ఞతతో ఉండాలి.