వదలని చెయ్యి

ఆ రిపోర్టు నేను తప్పు రాశాను. 'రోగి సహకరించలేదు' అని రెండు మాటల్లో తేల్చేసి, సంతకం కోసం మా పెద్ద డాక్టరు సఫియా మేడమ్ బల్ల మీద పెట్టాను.

కండరాల్లో పుట్టే కరెంటును కొలిచే గది మాది. కండలోకి సన్నటి సూది గుచ్చితే, ఆ కరెంటు తెర మీద గీతగా, స్పీకర్లో చప్పుడుగా వస్తుంది. బిగిస్తే హోరు. వదిలేస్తే నిశ్శబ్దం. నరం దెబ్బతింటే ఆ నిశ్శబ్దంలోనే చిన్న చిన్న టిక్కులు వినిపిస్తాయి.

ఆ రోజు జంగయ్య పదిహేడో మనిషి. తాళ్లెక్కి కల్లు గీస్తాడు. ఆరు నెలలుగా కుడిచెయ్యి సన్నబడిపోతోంది. మెడలో నరం నలిగిందంటే ఆపరేషన్ ఉంది. ఒళ్లంతా నరాలు చచ్చిపోయే జబ్బయితే మందు లేదు. ఆ రెండింట్లో ఏదో తేల్చాల్సింది ఈ పరీక్షే. దీనికోసం రెండు నెలలు ఆగి వచ్చాడు.

బిగించమంటే బిగించాడు. వదలమంటే మాత్రం హోరు ఆగలేదు.

"వదులు పెద్దాయనా."

"ఇడిసిన్నమ్మా."

"ఎక్కడ వదిలావు? ఆ చప్పుడు వినపడటంలా?"

"నాకైతే ఇడిసినట్టే ఉన్నది."

నాలుగుసార్లు అడిగాను. ఐదోసారి అరిచాను. నడుం లాగేస్తోంది, బయట ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. సూది తీసేసి, బెంచీ మీద కూర్చోమన్నాను.

మేడమ్ రిపోర్టు చదివారు. సంతకం పెట్టలేదు. కొత్త సూది తీశారు.

"కూర్చో మృణాళినీ. చెయ్యి చాపు."

భుజం కింద కండలో గుచ్చారు. "వదిలెయ్."

వదిలాను. స్పీకరు హోరుమంది.

"వదిలెయ్ అన్నాను."

"వదిలేశాను మేడమ్."

"మరి ఏం రాయమంటావు? సహకరించలేదనా?"

ఆవిడ నా మోచేతి కింద అరచెయ్యి పెట్టి, బరువంతా తన చేతిలోకి తీసుకున్నారు. హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. పొద్దుట్నించీ ఆ చెయ్యి బిగబట్టుకునే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

సూది తీసి, దూది నా చేతికిచ్చి, మేడమ్ టీకి వెళ్లిపోయారు.

జంగయ్యను మళ్లీ లోపలికి పిలిచాను. ఈసారి వదలమనలేదు. మోచేతి కింద చెయ్యి పెట్టి ఊరుకున్నాను.

"ముప్పై ఏండ్ల సంది, చెట్టు మీద ఇది ఇడిస్తే పానం పోతదమ్మా," అన్నాడు, తప్పు తనదైనట్టు. "దీనికి ఇడుసుడు తెల్వది."

"నేను పట్టుకున్నాను లెండి."

చాలాసేపు పట్టింది. బరువు కొంచెం కొంచెంగా నా చేతిలోకి వచ్చింది. స్పీకరు నిమ్మళించింది. ఆ నిశ్శబ్దంలో, గోడగడియారంలా, టిక్కులు. రెండో చేతిలో, కాళ్లలో కూడా వెతికాను. అక్కడ ఏమీ లేవు. మెడ నరమే.

"మల్ల చెట్టెక్కుతనా అమ్మా?"

"ఆపరేషన్ అయ్యాక అడగండి."

కొత్త రిపోర్టు మీద మేడమ్ సంతకం పెట్టారు. "ఇంకా తొమ్మిది మంది ఉన్నారు," అన్నారు, అంతే.

ఇరవై రెండేళ్లయింది. ఆ రెండు మాటలు నేను మళ్లీ ఏ రిపోర్టులోనూ రాయలేదు. ముందు మోచేతి కింద చెయ్యి పెడతాను. తర్వాతే సూది.