గడ్డం కింద కత్తి

వీరకేసరి మహారాజు తాను బతికినన్నాళ్లూ తానే ఏలాలని ప్రజాసభ చేత తీర్మానం చేయించుకున్నాడు. ఒక్కో సభ్యుడి వెనకా కత్తి దూసిన భటుడు నిలబడ్డాడు. రక్షణకట! అందరూ చేతులెత్తారు. రాజుకు గడ్డం గీసే పోలయ్య కూడా సభ్యుడే, అతనూ ఎత్తాడు.

మర్నాడు గడ్డం గీయించుకుంటూ రాజు, "ఒరే పోలిగా, నిజం చెప్పు. మనస్ఫూర్తిగానే చెయ్యెత్తావా?" అని మురిపెంగా అడిగాడు.

పోలయ్యకు ఒళ్లు మండింది. నూరకుండా తెచ్చిన కత్తిని రాజు గొంతుకు ఆనించి, "ముందు తమరు సెలవియ్యండి ప్రభూ. నా పనితనం ఎలా ఉంది?" అన్నాడు.

అప్పటికే రెండుచోట్ల తెగి నెత్తురు కారుతోంది. రాజు గుటకైనా మింగకుండా, "అద్భుతం పోలయ్యగారూ!" అన్నాడు.

పోలయ్య తాపీగా కత్తి తుడుచుకున్నాడు.

"నా చెయ్యీ సరిగ్గా ఇలాగే లేచింది ప్రభూ."