ఎంగిలి లేని గాలి

తెలివి గురించి మాట్లాడాలంటే మా వీధిలో ముందు బొడ్డేటి వాళ్ళ గుమ్మంలో చెప్పులు విడవాలి. ఇది నా మాట కాదు, వాళ్ళ మాటే. పెద్దవాడు అప్పలకొండ, నడిపివాడు సన్యాసిరావు, చిన్నవాడు గంగులు. ముగ్గురన్నదమ్ములూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని, "దేవుడు తెలివి పంచుకుంటూ వచ్చి మనింటి దగ్గర బుట్ట బోర్లించేశాడ్రా" అని ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటారు. బోర్లించాడు సరే, అప్పటికి ఆ బుట్టలో ఏమన్నా ఉందా అన్నదే నా అనుమానం. ఎదురింట్లో కాపరం నాది. కళ్ళు మూసుకున్నా చెవులు ఊరుకోవు కదా.

వాళ్ళ చెల్లెలి కూతురు నూకరత్నం, మా అందరికీ నూకాలు, ఆ ఇంట్లోనే ఉండి కాలేజీలో చదువుతోంది. ఆ కొంపలో బుర్ర ఉన్నది ఆ పిల్లకొక్కదానికే. గాలి తుపాకీతో గురి చూసి కొడుతుంది. జిల్లా పోటీలో నెగ్గితే రాష్ట్రం పోటీకి పంపిస్తారు. దానికోసం రెండేళ్ళుగా తిండీ నిద్రా మానుకుని సాధన చేసింది. ఆ తుపాకీలో మందూ గిందూ ఉండవు. గొట్టం కింద చిన్న సిలిండరుంటుంది, అందులో గాలి దట్టించి కూరితే ఆ గాలే గుండుని తోస్తుంది. గాలి ఉన్నంతసేపే అది తుపాకీ, అయిపోతే చేతికర్ర.

పోటీ ముందు వారమంతా నూకాలుకి పరీక్షలు. అందుకని కోచ్ ఇచ్చిన చేతి పంపూ, గొట్టమూ మేనమామల చేతిలో పెట్టింది. "పెద్ద మామయ్యా, ఈ పంపుతో గాలి కొట్టండి. సిలిండరు చివరున్న ముల్లు పచ్చగీత మీదికి రావాలి. చెమ్మ గాలి మాత్రం ఎక్కకూడదు, బాగా ఆరిన గాలే ఎక్కాలి. పంపు వేడెక్కితే చల్లబడ్డాకే మళ్ళీ కొట్టండి" అని చెప్పింది.

"ఇంత చిన్న పనికి అంత చెప్పాలా తల్లీ. మేం లేమూ?" అన్నాడు అప్పలకొండ. వాళ్ళుండబట్టే కదా వచ్చింది చిక్కంతా.

పిల్ల అటు వెళ్ళిందో లేదో ముగ్గురూ డాబా ఎక్కారు. ఖాళీ బియ్యం సంచులు తెరిచి గాలిలో అటూ ఇటూ ఊపి, మూతులు బిగించి కట్టి, వరసగా ఎండలో పరిచారు. గాలి ఆరబోస్తున్నారన్నమాట. అప్పలకొండ పెళ్ళాం సింహాలమ్మ కాకుల్ని తోలడానికి కర్ర పట్టుకుని పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం ఒక్కో సంచీ తిరగేసింది.

"తిరగేయడమెందుకే సింహాలూ?" అని నేను మా డాబా మీంచి అడిగాను.

"రెండోవైపు ఆరొద్దా వదినా? అడుగున చెమ్మ ఉండిపోదూ?" అంది.

సాయంత్రం గంగులు ఒక సంచీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "గలగలమనట్లేదన్నయ్యా. వడియాలు ఆరితే గలగలమంటాయి కదా." అంతే, మర్నాడు మళ్ళీ ఎండేశారు. ఆ మర్నాడు పంపు పక్కన పెట్టుకుని మొదటి సంచీ మూతి విప్పారు. అందులో ఏముంటుంది నా మొహం. "చూశావా, ఎంత బాగా ఆరిందో. తేలికైపోయి ఎగిరిపోయింది" అన్నాడు సన్యాసిరావు సంబరంగా.

ఆరిన గాలి ఇంకా డాబా మీదే తిరుగుతూ ఉంటుందని పంపు అక్కడే పెట్టి కొట్టడం మొదలుపెట్టారు. కాసేపటికి పంపు వేడెక్కింది. ఇంకేముంది, పిల్ల చల్లబడాలంది కదా అని తీసుకెళ్ళి నీళ్ళ తొట్టిలో ముంచారు. పైకి తీసి కొడితే గొట్టంలోంచి నీళ్ళు చిమ్మాయి.

"అయ్యో, చెమ్మ గాలి వద్దంది కదరా" అని సింహాలమ్మ కంగారుపడింది.

"ఇది చెమ్మ గాలెందుకవుతుందే? అసలు గాలే లేదు, అన్నీ నీళ్ళే" అన్నాడు అప్పలకొండ. అంత తెలివైన మొగుడు దొరికినందుకు ఆవిడ మురిసిపోయింది. పంపు మాత్రం ఆ పూటతో మూలపడింది.

తుపాకీ భుజాన వేసుకుని ముగ్గురూ పంక్చరు షాపుకి వెళ్ళారు. షాపతను తల అడ్డంగా ఊపాడు. "మా మిషను గాలి దీనికి చాలదండీ. లారీ టైర్లో ఉండే గాలికి పాతిక రెట్లు బలం కావాలి."

అంతే, అక్కణ్ణించి నేరుగా లారీల స్టాండుకే. "పాతిక టైర్ల గాలి కావాలన్నయ్యా. లారీకి పది టైర్లు. అంటే రెండున్నర లారీలు చాలు" అని సన్యాసిరావు లెక్క తేల్చాడు. రెండు లారీల వాళ్ళని బతిమాలి పక్కపక్కన నిలబెట్టించారు. పొద్దుగూకేదాకా స్టాండంతా వెతికినా అర లారీ మాత్రం దొరకలేదు. ఇంత పెద్ద ఊళ్ళో ఒక్క అర లారీ లేకపోవడమేమిటని పాలకుల్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చారు.

పోటీ రోజు రానే వచ్చింది. తుపాకీలో గాలి లేదని తెలిసి నూకాలు మొహం పాలిపోయింది. "మన కోచ్‌కి తెలిసిన అబ్బాయి భీమిలి బీచ్‌లో ఉంటాడు మామయ్యా. సముద్రం అడుక్కి దిగి ఈదేవాళ్ళ దగ్గర ఊపిరి కోసం పెద్ద గాలి సిలిండరుంటుంది. తుపాకీ, ఈ గొట్టం అతనికిస్తే చాలు, అతనే ఎక్కిస్తాడు. మీరేమీ చెయ్యొద్దు, మీకు దణ్ణం పెడతాను" అంది. ఏమీ చెయ్యొద్దంది కదా, బీచ్‌లో ముగ్గురూ చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డారు. అందుకే పని అయింది. ముల్లు పచ్చగీత మీదికొచ్చి నిలిచింది.

పోటీ హాలుకి నేనూ, సింహాలమ్మా కూడా వెళ్ళాం. అక్కడ నూకాలు ఆ ముల్లు చూసి మొదటిసారి మామల్ని మెచ్చుకుంది. "మామయ్యా, మీ రుణం తీర్చుకోలేను" అని కళ్ళు తుడుచుకుంది. తుపాకీ వాళ్ళ దగ్గరుంచి, కాల్చేటప్పుడు తొడుక్కునే మందపాటి కోటు వేసుకోవడానికి నన్ను తోడు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. నేనిటు గుండీలు పెడుతుంటే అటు జరిగింది జరిగిపోయింది. దాన్ని తర్వాత వాళ్ళే నాకు గొప్పగా చెప్పుకున్నారు.

"అన్నయ్యా, ఆ సముద్రం కుర్రాడు అదే సిలిండరు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు, నే చూశాను" అన్నాడట గంగులు.

అప్పలకొండ గుండె గుభేలుమంది. "అంటే ఎంగిలి గాలా? శుభమా అని పిల్ల పోటీకొస్తే ఎంగిలి పెడతామా? మన ఇంటా వంటా ఉందా?"

ఇంకేముంది, తుపాకీ సిలిండరు మర వదులు చేశారు. సుయ్‌మని గాలంతా పోయింది. బదులుగా మంచి గాలి ఎక్కించాలి కదా. నోటితో ఊదితే అదీ ఎంగిలే. అందుకని సింహాలమ్మ చెంగు దులిపి, తుపాకీ మూతి దగ్గర భక్తిగా విసిరింది. ముల్లు అడుక్కి వాలిపోతే, "పడుకోనీ పాపం, పొద్దుటి నుంచీ నిలబడే ఉంది" అన్నాడు సన్యాసిరావు.

అంతలో పేరు పిలిచారు. నూకాలు పరుగున వచ్చి తుపాకీ అందుకుని గీత దగ్గర నిలబడింది. గురి చూసింది. మీట నొక్కింది. టప్ మనాల్సిన తుపాకీ కిక్కురుమనలేదు. మళ్ళీ నొక్కింది. ఇటు పక్కా అటు పక్కా పిల్లలు టపటపా కాల్చుకుంటూ పోతున్నారు. కోచ్ గాలి కోసం హాలంతా పరిగెత్తాడు. ఎవరి గాలి వాళ్ళే తెచ్చుకోవాలని ముందే చెప్పాం కదా అన్నారు పోటీ నడిపేవాళ్ళు. ఎక్కణ్ణించో సిలిండరు మోసుకొచ్చేసరికి గంట కొట్టేశారు.

వెనక వరసలోంచి అప్పలకొండ ధైర్యం చెబుతూనే ఉన్నాడు. "తొందరపడకమ్మా, అది శుచైన గాలి, నిదానంగా వస్తుంది."

సాయంత్రం నూకాలు ఆ కోటు ఒళ్ళో పెట్టుకుని అరుగు చివర కూర్చుంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి. ఈ ముగ్గురు మాత్రం పళ్ళెం నిండా లడ్లు పెట్టుకుని వీధంతా పంచుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం నెగ్గారని ఈ లడ్లు?" అని నిలదీశాను.

అప్పలకొండ నా చేతిలో ఒకటి పెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "అంతమంది కాల్చారు కదా వదినా. ఒక్కొక్కళ్ళవి ఎన్ని గుండ్లు గురి తప్పాయో నువ్వూ చూశావు. మా నూకాలుది ఒక్కటి తప్పిందేమో చెప్పు."